ఇంకో ఏపీఐ కథ

ఏపీఐ అనగానే మనవాళ్ళకి గుర్తొచ్చేది ఒకటే. ఒక ప్రోగ్రాం ఇంకో ప్రోగ్రాంతో మాట్లాడే పద్ధతి. సరైన డాక్యుమెంటేషన్ లేకుండా ఎవడో రాసి పడేస్తే, అర్ధరాత్రి దాకా కూర్చుని మనం తల బాదుకునేది. కానీ అదే పొట్టిపేరుతో మనకంటే చాలా ముందునుంచీ ఇంకో పెద్దమనిషి ఉన్నాడు. ఈసారి బండికి ఇంజనాయిల్ కొన్నప్పుడు డబ్బా తిప్పి చూడండి. ఏపీఐ ఎస్‌ఎల్ అనో, ఏపీఐ ఎస్‌ఎన్ అనో ఉంటుంది. ఆ ఏపీఐ అంటే అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్, అంటే అమెరికా చమురు, గ్యాస్ కంపెనీల సంఘం. ఈ టపా ఆయనగారి గురించే.

భూమి వేడెక్కుతోందని చమురు కంపెనీలకి ఎప్పట్నించి తెలుసు, తెలిసి ఏం చేశాయి అన్నదాని మీద గత పదేళ్ళలో పాత కాగితాలు బోలెడు బయటికొచ్చాయి. ఎక్సాన్ గురించి చాలామంది రాశారు. సంఘం గురించి అంతగా ఎవరూ పట్టించుకోరు. నాకు మాత్రం సంఘం కథే ఎక్కువ ఆసక్తిగా అనిపిస్తుంది. ఒక్కో కంపెనీ ఒక్కో రోజు ఒక్కో రకంగా మాట్లాడుతుంది. అందరూ చందాలు వేసుకుని, ఒకే గొంతుతో, ప్రభుత్వం దగ్గరికెళ్ళి ఏం మాట్లాడారో తెలియాలంటే మాత్రం సంఘం గడప తొక్కాల్సిందే.

ముందు మంచి మాట చెప్పుకుందాం. ఈ సంఘం పుట్టింది 1919లో. మొదటి ప్రపంచయుద్ధంలో యుద్ధానికి చమురు అందించడానికి కంపెనీలన్నీ కలిసి పనిచేశాయి. అప్పుడు డ్రిల్లింగ్ సామాన్లు తక్కువైతే ఒకరివి ఒకరు వాడుకుందాం అనుకున్నారు. తీరా చూస్తే ఒకడి గొట్టం మర ఇంకొకడి గొట్టానికి ఎక్కదు. సైజులు వేరు, మరలు వేరు. యుద్ధం అయ్యాక సంఘం పెట్టుకుని చేసిన ముఖ్యమైన పనుల్లో ఒకటి దీన్ని సరిచెయ్యడం. 1924లో మొదటి ప్రమాణాలు వచ్చాయి. క్రూడాయిల్ తేలికా బరువా అని చెప్పే ఏపీఐ గ్రావిటీ కూడా వీళ్ళ లెక్కే. 141.5ని విశిష్ట సాంద్రతతో భాగించి 131.5 తీసేస్తే వస్తుంది. నీళ్ళకి సరిగ్గా 10. ఇవాళ్టికీ ప్రపంచమంతా క్రూడాయిల్ బేరం ఆ అంకె చూసే చేస్తుంది. అంటే వీళ్ళు కొలతల్లో ఘనాపాఠీలు. అంకెలంటే ఏమిటో, పొరపాటు అంటే ఏమిటో బాగా తెలిసినవాళ్ళు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇక అసలు కథ. 1959 నవంబరులో న్యూయార్క్ కొలంబియా విశ్వవిద్యాలయంలో ఈ సంఘం, ఆ విశ్వవిద్యాలయం బిజినెస్ స్కూలు కలిసి ఒక సభ పెట్టాయి. అమెరికాలో మొదటి చమురు బావి తవ్వి నూరేళ్ళయిన సందర్భం. అన్ని పెళ్ళిళ్ళలోనూ ఒక పెద్దాయన లేచి అక్షింతలకు బదులు శాపనార్థాలు పెడతాడే, అలా ఎడ్వర్డ్ టెల్లర్ లేచాడు. హైడ్రోజన్ బాంబు పితామహుడని పేరున్న ఆ టెల్లరే. బొగ్గు, చమురు కాలిస్తే వచ్చే కార్బన్ డయాక్సైడ్ మామూలు వెలుతురుని లోపలికి రానిస్తుంది, భూమినుంచి బయటికి పోవాల్సిన వేడిని మాత్రం పట్టేస్తుంది, ఇలాగే కొనసాగితే ధ్రువాల దగ్గర మంచు కరిగి తీరప్రాంత నగరాలు మునుగుతాయి అని చెప్పాడు. ఆయన అణువిద్యుత్తు మనిషి, కాబట్టి చమురుకి వంకలు పెట్టడంలో ఆయనకీ స్వార్థం ఉంది. పైగా వాయువు పది శాతం పెరిగితే చాలు న్యూయార్క్ మునిగిపోతుందన్నది ఎక్కువచేసి చెప్పిందే. కానీ ఫిజిక్సు మాత్రం తప్పులేదు. ఆ సంగతి విన్నవాళ్ళు చమురు పరిశ్రమ పెద్దలు.

ఆరేళ్ళ తర్వాత, 1965 నవంబరులో, అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సలహా శాస్త్రవేత్తలు పర్యావరణం మీద ఒక నివేదిక ఇచ్చారు. అందులో కార్బన్ డయాక్సైడ్ మీద ఒక భాగం ఉంది. అది వచ్చిన కొద్దిరోజులకే సంఘం వార్షిక సమావేశం. అధ్యక్షుడు ఫ్రాంక్ ఐకార్డ్, అంతకుముందు టెక్సస్ నుంచి కాంగ్రెస్‌లో సభ్యుడు, తన ప్రసంగంలో ఆ నివేదిక గురించి తన సభ్యులకే చెప్పాడు. ప్రపంచాన్ని కాపాడుకోవడానికి ఇంకా వ్యవధి ఉంది, కానీ అది అయిపోతోంది అన్నది ఆ నివేదిక సారాంశమని చెప్పాడు. 2000 సంవత్సరానికల్లా వాతావరణంలో గట్టి మార్పులు రావచ్చనీ, కార్లకీ బస్సులకీ పొగ రాని వేరే దారి వెతకడం దేశానికి అవసరం కావచ్చనీ అందులో ఉందన్నాడు. ఆశ్చర్యమేమిటంటే ఆయన వెటకారం చేయలేదు. ఇదేదో మనకి తగలబోతోంది, జాగ్రత్త అన్నట్టే మాట్లాడాడు.

1968లో సంఘం డబ్బిచ్చి స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ చేత ఒక అధ్యయనం చేయించుకుంది. రాబిన్సన్, రాబిన్స్ అని ఇద్దరు శాస్త్రవేత్తలు రాశారు. 2000 నాటికి ఉష్ణోగ్రతలో చెప్పుకోదగ్గ మార్పులు దాదాపు ఖాయం అన్నారు. ఆ తర్వాత 1979లో సంఘమే కార్బన్ డయాక్సైడ్ మీద ఒక టాస్క్‌ఫోర్స్ పెట్టింది. పెద్ద కంపెనీల శాస్త్రవేత్తలు సభ్యులు. 1980 ఫిబ్రవరి 29న జాన్ లార్మన్ అనే స్టాన్‌ఫర్డ్ నిపుణుణ్ణి పిలిచి చెప్పించుకున్నారు. ఆ మీటింగ్ మినిట్స్ ఇప్పుడు ఎవరైనా చదవొచ్చు. అందులో మూడు వరుసలున్నాయి. 2005 ప్రాంతంలో ఒక డిగ్రీ పెరుగుదల, పెద్దగా తెలీదు. 2038లో రెండున్నర డిగ్రీలు, ఆర్థికంగా పెద్ద దెబ్బ. 2067లో ఐదు డిగ్రీలు, ప్రపంచమంతటికీ ఉపద్రవం.

మనం రాసే రిస్క్ రిజిస్టర్ ఇలాగే ఉంటుంది కదా. తేదీ, తీవ్రత, ప్రభావం. ఆ అంకెలు అచ్చంగా నిజమయ్యాయని నేననడం లేదు. ఆ వేగం కాస్త ఎక్కువే వేశారు. కానీ దిశ కరెక్టు. 1958లో హవాయిలో కొలవడం మొదలుపెట్టినప్పుడు గాలిలో ఈ వాయువు పది లక్షల్లో 315 భాగాలు. ఇప్పుడు 420 దాటింది. పారిశ్రామిక యుగానికి ముందుతో పోలిస్తే ఏడాది సగటు ఒకటిన్నర డిగ్రీలు దాటిన మొదటి సంవత్సరం 2024.

ఇక్కడ ఒకమాట చెప్పుకోవాలి. చాలామంది రాసేటట్టు "కంపెనీలకి ఒక రహస్యం తెలుసు, ప్రపంచానికి దాచేశారు" అన్నది పూర్తిగా నిజం కాదు. 1965 నివేదిక ప్రభుత్వం అచ్చువేసింది. చదువుకున్నవాళ్ళు ఎవరైనా చదివి ఉండొచ్చు. నా గొడవ దాచిపెట్టడం గురించి కాదు. తెలిసిన విషయాన్ని "ఇంకా తెలీదు" అని జనానికి నమ్మించడానికి ప్లాన్ వేయడం గురించి.

1983 తర్వాత ఆ టాస్క్‌ఫోర్స్ అడ్రస్ లేదు. 1988 జూన్‌లో జేమ్స్ హాన్సెన్ సెనేట్ ముందు భూమి వేడెక్కడం మొదలైందని సాక్ష్యం చెప్పాడు. అదే ఏడు ఐపీసీసీ పుట్టింది. ఇక చట్టాలు వస్తాయని అర్థమైంది. 1989లో గ్లోబల్ క్లైమేట్ కొయలిషన్ అని ఒక కూటమి తయారైంది. పేరు వింటే ఏదో చెట్లు నాటే సంస్థ అనుకుంటాం. చమురు, బొగ్గు, కార్ల కంపెనీల కూటమి అది. మన సంఘం అందులో ముఖ్య సభ్యురాలు. సంఘంలో పెద్ద అధికారి విలియం ఓకీఫ్ ఆ కూటమికి ఛైర్మన్‌గా కూడా చేశాడు.

1995లో ఆ కూటమికే ఒక సాంకేతిక కమిటీ ఉండేది. మొబిల్ కంపెనీ నిపుణుడు బెర్న్‌స్టీన్ ఒక డ్రాఫ్ట్ రాశాడు. గ్రీన్‌హౌస్ ప్రభావానికి శాస్త్రీయ ఆధారం గట్టిగా ఉంది, కాదనలేం అని అందులో ఉంది. అంతేకాదు, సూర్యుడి వల్లే వేడి పెరుగుతోంది లాంటి వాదనలు ఎందుకు నిలబడవో కూడా ఒక భాగంలో రాశాడు. బయటికిచ్చిన ప్రతిలో ఆ భాగం లేదు. తీసేశారు. 2009లో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టేదాకా ఎవరికీ తెలీదు. రివ్యూలో మనం రాసిన "తెలిసిన లోపాలు" సెక్షన్‌ని మేనేజరు చల్లగా లేపేసి క్లయింటుకి పంపడం లాంటిదన్నమాట.

ఇంకో ముఖ్యమైన పని లెక్కలకి సంబంధించింది. 1990లలో సంఘం ఆర్థికవేత్తలకి డబ్బిచ్చి, కాలుష్యం తగ్గించాలంటే అమెరికాకి ఎంత నష్టమో లెక్కలు వేయించింది. వేడెక్కకుండా ఆపితే తప్పే నష్టం ఆ లెక్కల్లోకి రాలేదు. ఖర్చు కాలమ్ ఉండి లాభం కాలమ్ లేని ఎక్సెల్ షీట్ అనుకోండి. బెన్ ఫ్రాంటా అనే పరిశోధకుడు 2021లో దీనిమీద ఒక వ్యాసం రాశాడు. 1959, 1965 నాటి ప్రసంగాల సంగతి 2018లో వెలుగులోకి తెచ్చిందీ ఈయనే. సైన్సు మీద అనుమానం రేపడం ఒక్కటే కాదు, ఖర్చు భూతాన్ని చూపించడం కూడా అంతే బాగా పనిచేసిందంటాడు. గొట్టం మరలో వెంట్రుకవాసి తేడా వస్తే ఒప్పుకోని సంఘం ఇది. అదే సంఘానికి సగం లెక్క పర్వాలేదనిపించింది.

మనవాళ్ళకి సంబంధం ఉన్న ముక్క ఇప్పుడొస్తుంది. 1997లో క్యోటో ఒప్పందానికి ముందు అమెరికా టీవీల్లో పరిశ్రమ కూటమి కోట్ల డాలర్లు పెట్టి ప్రకటనలు వేసింది. ప్రపంచపటం చూపిస్తూ, ఇండియా, చైనా, మెక్సికో లాంటి దేశాలకి ఈ ఒప్పందం వర్తించదు, ఇది అన్యాయం అని వాదన. ఆ ఏడు జులైలో సెనేట్ 95-0తో తీర్మానం చేసేసింది, పేద దేశాలకి బాధ్యత లేని ఒప్పందానికి మేం ఒప్పుకోం అని. సరే, అదొక వాదన. కానీ అదే ఏడాది అక్టోబరులో ఎక్సాన్ అధినేత లీ రేమండ్ బీజింగ్ వెళ్ళాడు. అక్కడి పెట్రోలియం మహాసభలో ఆసియా దేశాలవాళ్ళకి చెప్పిందేమిటంటే, భూమి ఇరవయ్యేళ్ళ కిందటికంటే చల్లగా ఉంది, మీరు చమురు, బొగ్గు వాడకానికి కళ్ళేలు వేసుకుంటే మీ అభివృద్ధి దెబ్బతింటుంది అని. అక్కడేమో ఇండియా తగ్గించకపోతే మేమెందుకు తగ్గించాలి. ఇక్కడేమో మీరు తగ్గించుకోకండి. రెండు వైపులా మనల్నే వాడుకున్నారు. అత్త మీద కోపం దుత్త మీద చూపించడం విన్నాం గానీ, అత్తనీ కోడల్నీ ఒకేసారి ఎగదోసిన ఘనులు వీళ్ళే.

1998 ఏప్రిల్‌లో సంఘం వాషింగ్టన్ ఆఫీసులో కొంతమంది కూర్చుని ఒక ప్లాన్ రాశారు. ఎక్సాన్, షెవ్రాన్ వాళ్ళూ, సదరన్ కంపెనీ అనే కరెంటు సంస్థ వాళ్ళూ ఆ బృందంలో ఉన్నారు. మెమో సంఘం ఉద్యోగి జో వాకర్ పేరు మీద ఉంది. నెల తిరక్కుండానే లీకై న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చింది. అందులో విజయం అంటే ఏమిటో వివరంగా రాసుకున్నారు. వాతావరణ శాస్త్రంలో అనిశ్చితి ఉందని సామాన్య పౌరులకి "అర్థమైతే" మనం గెలిచినట్టు. మీడియాకి అర్థమైతే గెలిచినట్టు. క్యోటోని సమర్థించేవాళ్ళు వాస్తవం తెలీనివాళ్ళలా కనిపిస్తే గెలిచినట్టు. మన భాషలో చెప్పాలంటే యాక్సెప్టెన్స్ క్రైటీరియా. మీడియాతో మాట్లాడటానికి ఐదుగురు "స్వతంత్ర" శాస్త్రవేత్తల్ని ఎంపిక చేసి శిక్షణ ఇవ్వాలని కూడా ఉంది. శిక్షణ ఇచ్చిన స్వతంత్రులు! బడి పంతుళ్ళని చేరుకునే పథకం కూడా అందులోనే. ఇదింకా ప్రతిపాదనే, ఆమోదం పొందలేదు అని అప్పట్లో సమాధానం వచ్చింది.

ఆ 1998 మన జాతికి ఎలాంటి సంవత్సరమో గుర్తుందా? వైటూకే. అమీర్‌పేటలో గల్లీకో కోబోల్ ఇన్‌స్టిట్యూట్. పొలం అమ్మి ఫీజు కట్టి, విమానం ఎక్కి, మెయిన్‌ఫ్రేముల్లో రెండంకెల సంవత్సరాల్ని నాలుగంకెలు చేసిన తరం. 2000 జనవరి 1న సరిగ్గా ఏమవుతుందో అప్పుడు ఎవరికీ తెలీదు. ఏమీ కాదన్నవాళ్ళూ ఉన్నారు, ప్రళయం అన్నవాళ్ళూ ఉన్నారు. అయినా అమెరికా దాదాపు 10,000 కోట్ల డాలర్లు ఖర్చుపెట్టి సరిచేసుకుందని అంచనా. అనిశ్చితి ఉంది కాబట్టి ఆగుదాం అని ఎవరూ అనలేదు. అనిశ్చితి ఉంది కాబట్టే ముందే సరిచేద్దాం అన్నారు. ఆ సరిచేయించుకున్నవాటిలో చమురు కంపెనీల కంప్యూటర్లూ ఉన్నాయి. అదే అనిశ్చితి, అవే సంవత్సరాలు, రెండు రకాల వాడకం.

తర్వాతి ముచ్చట్లు గబగబా చెప్పేస్తాను. 2001లో బుష్ ప్రభుత్వం క్యోటో వద్దంది. సంఘంలో వాతావరణ విషయాలు చూసిన ఫిలిప్ కూనీ వైట్‌హౌస్ పర్యావరణ మండలిలో ముఖ్య అధికారి అయ్యాడు. లాయరే గానీ సైంటిస్టు కాదు. ప్రభుత్వ శాస్త్రవేత్తల నివేదికల్లో అనుమానం పెంచేలా పదాలు మార్చాడని 2005 జూన్‌లో బయటపడింది. రాజీనామా చేశాడు. వెంటనే ఎక్సాన్‌మొబిల్‌లో చేరాడు. సినిమాలో రాస్తే అతిగా ఉందంటాం.

2009 జూన్‌లో ప్రతినిధుల సభ 219-212తో కార్బన్ పరిమితి బిల్లు పాస్ చేసింది. బీపీ, షెల్, కోనకోఫిలిప్స్ అలాంటి చట్టం కావాలన్న ఒక కూటమిలో సభ్యులు. ఆ ముగ్గురూ మన సంఘంలోనూ సభ్యులే. ఆగస్టులో సంఘం "ఎనర్జీ సిటిజన్స్" పేరుతో ఆ బిల్లుకి వ్యతిరేకంగా సభలు పెట్టించింది. సభ్య కంపెనీలు తమ ఉద్యోగుల్ని పంపాలని సంఘం అధ్యక్షుడు జాక్ జెరార్డ్ రాసిన మెమో గ్రీన్‌పీస్ చేతికి చిక్కింది. 2010లో బిల్లు సెనేట్‌లో అటకెక్కింది. అంటే ఒకే కంపెనీ ఎడమచేత్తో బిల్లు కావాలన్న కూటమికి చందా, కుడిచేత్తో బిల్లు వద్దన్న సంఘానికి చందా.

2021 జనవరిలో ఫ్రాన్స్ కంపెనీ టోటల్ సంఘం నుంచి బయటికొచ్చేసింది. మీథేన్ నిబంధనల సడలింపునీ, పారిస్ ఒప్పందానికి వ్యతిరేకులైన అభ్యర్థుల్నీ సంఘం సమర్థించడం తమకి సరిపడదంది. రెండు నెలలకి, మార్చిలో, కార్బన్‌కి ధర పెట్టడాన్ని సమర్థిస్తాం అని సంఘం ప్రకటించింది. అందరూ చప్పట్లు కొట్టారు. 2022 ఆగస్టులో నిజంగానే ఒక ధర వచ్చింది. కార్బన్ మీద కాదు, ఎక్కువగా మీథేన్ వదిలే చమురు, గ్యాస్ కేంద్రాల మీద టన్నుకింత అని రుసుము. సంఘం దాన్ని మొదట్నుంచీ వ్యతిరేకించింది. మీథేన్‌కి వేరే నిబంధనలున్నాయి, మళ్ళీ రుసుమెందుకు అన్నది దాని వాదన. 2025 ఫిబ్రవరిలో ఆ రుసుము వసూలు నిబంధనని కాంగ్రెస్ కొట్టేసింది. జులైలో చట్టం మార్చి రుసుమునే 2034కి జరిపేశారు. ఈలోగా 2020లో మిన్నసోటా రాష్ట్రం ఈ సంఘం మీద, ఎక్సాన్‌మొబిల్, కోక్ ఇండస్ట్రీస్ మీద జనాన్ని తప్పుదోవ పట్టించారని కేసు వేసింది. ఆరోపణల్ని వాళ్ళు ఒప్పుకోవడం లేదు.

ఇంతకీ ఇదంతా ఎందుకు జరిగింది? అందరూ దుర్మార్గులు కాబట్టి అంటే తేలిగ్గా అయిపోతుంది, కానీ ఏమీ అర్థం కాదు. సంఘం అనే యంత్రం ఎలా పనిచేస్తుందో చూడాలి.

ఒకటి, సంఘం నడక అందరికంటే వెనకున్నవాడి నడక. 600 మంది దాకా సభ్యులున్న చోట అందరూ ఒప్పుకునేది "వద్దు" ఒక్కటే. "ఇలా చేద్దాం" అనగానే సగంమంది లేచిపోతారు.

రెండు, సంఘం ఒక ముసుగు. కంపెనీ తన పేరు మీద అనలేని మాట సంఘం చేత అనిపిస్తుంది. వార్షిక నివేదికలో పచ్చటి ఆకు బొమ్మ కంపెనీది, కాంగ్రెస్ ముందు ససేమిరా అనే పని సంఘానిది. పెట్రోలు బంకు దగ్గర సంఘం బోర్డు ఉండదు, కాబట్టి జనం కోపం దానికి తగలదు.

మూడు, నష్టం ఎవరికో వాళ్ళకి సంఘం లేదు. రుసుము పడేది పాతిక కంపెనీలకి, అందరూ ఒక గదిలో పడతారు. తుఫాను పడేది కోట్లమందికి. వాళ్ళలో సగంమంది ఇంకా పుట్టలేదు. పుట్టనివాడు చందా కట్టడు.

"నువ్వు కారెక్కడం లేదా, ఏసీ వేసుకోవడం లేదా" అని కామెంటు పెట్టబోయేవాళ్ళకి ముందే జవాబు. ఎక్కుతున్నాను, వేసుకుంటున్నాను. చమురు తవ్వినందుకు ఎవర్నీ నేను తిట్టడం లేదు. చమురు లేకపోతే మన తాతల కాలం ఎలా ఉండేదో నాకూ తెలుసు. హ్యూస్టన్‌లో ఆ కంపెనీల సాఫ్ట్‌వేర్ రాసి ఇళ్ళు కట్టుకున్న తెలుగువాళ్ళు ఎందరో. నేను అడిగేది ఒకటే. వాడేవాడికి బాధ్యత ఉంది సరే, వాడేవాడికి నిజం చెప్పకుండా బాధ్యత ఎలా పంచుతారు?

ఈ కథలో నన్ను ఆకట్టుకునేది లాబీయిస్టులు కాదు. 1968 అధ్యయనం రాసినవాళ్ళు, 1980లో మినిట్స్ రాసినవాడు, 1995 డ్రాఫ్ట్ రాసినవాడు. వీళ్ళంతా మనలాంటి టెక్నికల్ మనుషులే. జీతం తీసుకుని, పని సరిగ్గా చేసి, ఉన్నదున్నట్టు రాశారు. వాళ్ళ కాగితం పై అంతస్తుకి వెళ్ళేలోగా దానికి వ్యతిరేకార్థం వచ్చింది. ఇంజనీరు అబద్ధం చెప్పలేదు. అబద్ధం చెప్పే పని ఇంజనీరు దాకా రాలేదు, అంతే.

ఇప్పటిదాకా ఇది చమురువాళ్ళ గొడవ. ఇకముందు మనది కూడా. 2025 అక్టోబరులో విశాఖలో గూగుల్ డేటా సెంటర్ ప్రకటించారు. గిగావాట్ లెక్కల్లో మాట్లాడుతున్నారు. అంటే మన పరిశ్రమ కూడా బొగ్గు, నీళ్ళు, కరెంటు రేట్ల దగ్గర ప్రభుత్వంతో బేరాలాడే పరిశ్రమ అయిపోతోంది. బేరం కంపెనీ నేరుగా ఆడదు, సంఘాల ద్వారా ఆడుతుంది. ఆ సంఘాలు మన పేరు మీద, "ఇంత మందికి ఉద్యోగాలిచ్చే పరిశ్రమ" అని మనల్ని చూపించే మాట్లాడతాయి. కరెంటు విధానం మీదా, కాలుష్య నిబంధనల మీదా అవి ప్రభుత్వానికి రాసే అర్జీలు చాలావరకు వెబ్‌సైట్లలోనే ఉంటాయి. బోరు కొట్టే పీడీఎఫ్‌లు, నిజమే. టర్మ్స్ అండ్ కండిషన్స్ లాగా చివరికి స్క్రోల్ చేసేసి ఒప్పుకున్నాం అనేయకుండా, ఎప్పుడైనా ఒకటి తెరిచి చదవండి. మీకు తెలిసిన అంకె అందులో ఉందో, లేపేశారో మీకే తెలుస్తుంది.